లేదన్న జవాబు

"...లేకపోతే లేదని చెప్పి ఆగిపోవాలి, అంతే! దాని వెనకాల ఎవరి నోటుబుక్కో తగిలించమని నీకెవరు చెప్పారు?"

"మీరే సార్. ఆగిపోతుంటే క్యూ వీధిలోకి పోతోంది, ఏదో ఒకటి చెయ్యమన్నారు. చేశాను."

"ఏదో ఒకటంటే ఇదా?"

చెక్క అడ్డుగోడకు అవతల మేనేజరూ, ఎక్కాలాయన తమ్ముడి కూతురూ వాదించుకుంటున్నారు. ఇవతల కౌంటరు దగ్గర ఆయన చేతిలో ఎత్తిన రబ్బరు స్టాంపు ఎత్తినట్టే ఉండిపోయింది. ఆ నోటుబుక్కు ఆయనది.

విదేశాలకు డబ్బు పంపే ఆ ఆఫీసులో ఆయనది ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఏ దేశపు డబ్బుకైనా మూడక్షరాల కోడు ఒకటుంటుంది. దానికొక నంబరు, పాయింటు తర్వాత ఎన్ని అంకెలుండాలన్న లెక్క ఒకటి. ఇవన్నీ ఆయన బళ్ళో పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేవాడు. అందుకే ఆ పేరు. "నిద్రలో లేపి అడిగినా కోడు తప్పు చెప్పడు, పెళ్ళాం పుట్టినరోజు మాత్రం మెలకువలో అడిగినా చెప్పలేడు" అని తోటివాళ్ళు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు.

ఆయన మాట మీదే తమ్ముడి కూతురికి అక్కడ ప్రోగ్రామింగు ఉద్యోగం దొరికింది. వచ్చిన ఆరు నెలలకు ఆమె, ఎవరో ఎక్కడో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన, లైబ్రరీ అనే రెడీమేడ్ ప్రోగ్రాము ముక్క ఒకటి తెచ్చి ఆఫీసు ప్రోగ్రాములో పెట్టింది.

"చూడండి పెదనాన్నా. కోడు కొడితే పేరు, నంబరు అన్నీ చెప్తుంది. రద్దయిన కోడు కొడితే లేదంటుంది."

"లేదంటే?"

"లేదనే. పని ఆగిపోతుంది."

"మనిషైతే ఆగడుగా" అన్నాడాయన. ఆ పూట ఆ మాట ఆయనకు ఎంతో హాయిగా అనిపించింది.

పని నిజంగానే తరచూ ఆగింది. మేనేజరు కసిరాడు. అప్పుడు ఎక్కాలాయనే సొరుగులోంచి గళ్ళ నోటుబుక్కు తీసి ఆమె చేతిలో పెట్టాడు. లైబ్రరీ లేదన్నప్పుడు ప్రోగ్రాము ఆ నోటుబుక్కులోని పద్ధతి చూసుకునేలా ఆమె రాసింది. క్యూ తగ్గింది. ఆయన్ని కోడులు సరిచూసే పాత బల్ల నుంచి కౌంటరుకు మార్చారు.

నోటుబుక్కులో ఒక దేశం గురించి ఇలా ఉంది: "పాత కోడు వస్తే మూడు సున్నాలు కొట్టేసి కొత్త కోడు వెయ్యాలి." ఆ దేశం కొన్నేళ్ళ కిందట తన డబ్బులోంచి మూడు సున్నాలు తీసేసి, కోడు మార్చుకుంది. రాసినదాంట్లో తప్పు లేదు. రాయనిది ఒకటుంది. అక్కడి ఆస్పత్రి ఒకటి పాత బిల్లు ఫారాలు అయిపోయేదాకా వాటినే వాడుతోంది. అచ్చులో ఉండేది పాత కోడు, చేత్తో వేసే మొత్తం మాత్రం కొత్త డబ్బులో. ఆ సంగతి ఎక్కాలాయనకు తెలుసు. అంకె పొట్టిగా కనిపిస్తే సున్నాల జోలికి పోకుండా కోడొక్కటే మార్చేవాడు. అది కళ్ళు చేసే పని. రాసి పెట్టాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

వీధి చివరి దర్జీ భార్యకు వైద్యం జరిగింది ఆ ఆస్పత్రిలోనే. ఆమె అక్కడ చెల్లెలి దగ్గర ఉండేది. దర్జీ రెండు మిషన్లు అమ్మి మొత్తం ముందే కట్టాడు, ఆస్పత్రి బిల్లు పంపినప్పుడల్లా ఆఫీసే పంపాలని ఏర్పాటు. మొదటి రెండు వాయిదాలూ ఎక్కాలాయన చేతి మీదుగా వెళ్ళాయి. మూడోది ప్రోగ్రాము పంపింది. వెయ్యోవంతు వెళ్ళింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. ఆస్పత్రి రాసిన రెండు ఉత్తరాలూ ఎవరికీ అప్పగించని ఈమెయిలు పెట్టెలో పడున్నాయి. మందు ఆగింది. పంతొమ్మిదో రోజున ఆమె పోయింది.

వాదన అయ్యాక మేనేజరు గదిలోంచి తమ్ముడి కూతురు కాగితం పట్టుకుని వచ్చింది. మధ్యలోని బ్యాంకు వల్ల ఆలస్యమైందని అందులో ఉంది. కింద వాళ్ళిద్దరి సంతకాలకు చోటుంది.

"పెట్టేయండి పెదనాన్నా" అంది గొంతు తగ్గించి. "మీకు నాలుగు నెలలే ఉంది. పెన్షన్ నోటిదాకా వచ్చాక పోగొట్టుకుంటారా?"

"నోటుబుక్కు నాదమ్మా."

"రాసింది నేను. ప్రోగ్రాములో ఆ లైను పక్కన నా పేరుంది, తేదీతో సహా. మా ఆయన ఇంట్లో కూర్చుని ఏడు నెలలు. నా జీతం పోతే నలుగురం ఏం తింటాం?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆ ఒక్క ముక్కా రాసుంటే పోయేదా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తోచలేదా?"

ఆయన పెన్ను మూత తీశాడు.

"నమస్కారమండీ" అని వినిపించింది. కౌంటరు బయట దర్జీ నిలబడి ఉన్నాడు. కొలతల టేపు మెడలోనే ఉంది, తీయడం మరిచినట్టున్నాడు.

"మిగిలింది తీసుకుపొమ్మని ఫోన్ చేశారు, వచ్చాను" అన్నాడు. ఎక్కాలాయన్ని పైనుంచి కిందకు ఒకసారి చూశాడు. "నడుం తగ్గిపోయారే. ప్యాంటు జారుతోంది. కొట్టుకు పంపించండి, రెండంగుళాలు లోపలికి కుట్టి ఇస్తా. డబ్బులేం వద్దు."

ఎక్కాలాయన తలూపాడు.

"ఒక్క మాటండీ. ఆ డబ్బు దారిలో ఎక్కడాగింది? మా మరదలు రోజూ పోయి ఆస్పత్రి కిటికీ దగ్గర నిలబడేదట. కట్టాల్సింది రాలేదు, రాలేదు అనేవారట. మీరైతే అన్నీ తెలిసినవారు. తెలిస్తే చెప్పండి. తెలీదంటారా, సరే, వెళ్ళిపోతా."

అడ్డుగోడకు అవతల మేనేజరు గొంతు సవరించుకున్నాడు. తమ్ముడి కూతురు కాగితాన్ని కౌంటరు మీద ఆయన వైపు ఇంకొంచెం జరిపింది.

ఎక్కాలాయన పెన్నుకు మూత పెట్టాడు.

"అమ్మా, ఆయనకు కుర్చీ తెచ్చి వెయ్యి" అన్నాడు.

ఆమె కదల్లేదు.

"నేనీ సంతకం పెట్టడం లేదు. ఈయనకు జరిగింది జరిగినట్టు చెప్తాను. నీ పేరు కూడా చెప్పాల్సొస్తుంది."