పిడికిలి జరిగిన పక్క

మా పీటీ టీచర్ పోయింది. మొన్న హోసూరు సంతలో పాత క్లాస్‌మేట్ చెప్తే తెలిసింది. పోయినోళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చేతనైనంత చెప్తాను, కోపం మాత్రం దాచను.

డెబ్బైల మొదట్లో నేను పదో తరగతి. మా ఊరు బేరిగై నుంచి బస్సులో హోసూరు బడికి పోయేదాన్ని. హర్డిల్స్ దూకేదాన్ని. పోటీలకు ముందు టీచర్ ఒక్కొక్కరినే బెంచీ మీద పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, రెంటి నడుమ తన పిడికిలి పెట్టి "నొక్కే" అనేది. రెండు తొడలూ సమానంగా నొక్కితే పిడికిలి కదలదు. ఒక పక్క గజ్జల్లో నొప్పి ఉంటే ఆ పక్కకే జరిగిపోతాది. తర్వాత పక్కకు తిప్పి కాలు పైకెత్తమని, చీలమండ మీద చెయ్యేసి కిందికి తోసేది. తుంటి బలం అట్ల చూసేది. ఇంత ఓపిగ్గా మమ్మల్ని చూసిన టీచర్ ఇంకొకరు లేరు, అది ఒప్పుకోవాల్సిందే.

ఆ ఏడు మా నాయన ఒకే మాట చెప్పినాడు. "కృష్ణగిరి పోటీల్లో గెలిస్తే పై చదువుకు పంపిస్తా. లేకుంటే చేనికి రా."

పోటీలు వారం ఉన్నాయనంగా నా ఎడమ గజ్జ పట్టేసింది. ఎవరికీ చెప్పకుండా ఉప్పు మూటతో కాపడం పెట్టుకొని బడికి పోయినాను. బెంచీ మీద పళ్ళు కొరుక్కొని నొక్కినాను. పిడికిలి ఎడమకు జరిగింది.

"నొప్పి లేదు టీచర్," అన్నాను.

"నోరు అబద్ధం చెప్తాది, గజ్జ చెప్పదు. ఈ కాలితో దూకితే కండ చిరిగిపోతాది. ఆరు వారాలు పరుగు మాను. వచ్చే ఏడు పోదువులే."

"నాకు వచ్చే ఏడు లేదు టీచర్," అని నాయన మాట చెప్పినాను.

"మీ నాయనతో నేనొచ్చి మాట్లాడతా, పో," అనింది.

నమ్మినాను, పోటీలకు పోలేదు. పరీక్షలు అయిపోయేదాకా ప్రతి ఆదివారం మా ఊరి బస్సు కాడ నిలబడినాను. ఆమె రాలేదు. బేరిగై ఏమన్నా కాశీనా? నేను రాగి చేనికి పోయినాను.

పెండ్లయి పిల్లలు పుట్టినాక ఒకతూరి హోసూరులో ఎదురుపడింది. నా ముఖం కంటే ముందు నడక చూసింది.

"కాలు బాగుందా?"

"బాగుంది టీచర్."

"చూసినావా," అని నవ్వింది. మా ఇంటికి ఎందుకు రాలేదని నోటిదాకా వచ్చింది. ఆ సంతోషం చూసి మింగేసినాను. మింగింది ఇంకా అరగలేదు.

నిన్న టీచర్ వాళ్ళింటికి పోయినాను. నాతో చదివినోళ్ళు "మా కాళ్ళు కాపాడిన తల్లి" అని ఏడుస్తా ఉండారు. నాకు ఏడుపు రాలేదు. నా కాలు కూడా కాపాడింది, అబద్ధమెందుకు. ఆ కాలున్న పిల్ల ఏమైందని మాత్రం ఒక్కనాడూ చూడలేదు. దండం పెట్టి బయటికి వచ్చినాను.

బస్టాండుకు పోయేసరికి బేరిగై బస్సు కదిలిపోయింది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని పరుగెత్తినాను. ఎడమ కాలు ఎక్కడా తడబడలేదు. కండక్టర్ చెయ్యందించి లోపలికి లాగినాడు.

"ఏమక్కా, చీర కట్టుకొని ఇంత పరుగా? చిన్నప్పుడు పందేలకు పోయినావా?"

కమ్మీ పట్టుకొని రొప్పుతా నిలబడినాను.

"పోనియ్యలేదప్పా," అన్నాను.