మా కారు నన్ను మర్చిపోయిన రోజు

రిమోట్ ఉన్న కార్లు అప్పట్లో మా వైపు తక్కువ. నాది పాత కారే అయినా, బెజవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ చేత సెంట్రల్ లాకూ సైరనూ పెట్టించాను. ఆ రిమోట్ గురించి నేను ఊళ్ళో చెప్పినవాటిలో కొన్ని నిజాలు కూడా ఉన్నాయి. చల్లపల్లిలో బటన్ నొక్కితే బెజవాడలో కారు పలికిందన్నది మాత్రం కొంచెం పెంచిన మాట. నిజానికి ఉయ్యూరు దాకానే.

ఆ కారు కదిలితేనే మా అత్తగారి కళ్ళు నిలుస్తాయన్న రోజొకటి వచ్చింది.

ఆవిడకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. స్టవ్ మంట చప్పుడు విని వంట చేసేది. అంతకు ముందు నెలలో చీర చెంగు అంటుకుంటే మా ఆవిడ బిందెడు నీళ్ళు గుమ్మరించి ఆర్పింది. పొర బాగా ముదిరింది, ఇంకా జాప్యం చేస్తే నా చేతుల్లో ఉండదు అన్నాడు డాక్టరు. రెండుసార్లు ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకున్నాం. మొదటిసారి ఎవరో తుమ్మారు. రెండోసారి ఎవరూ తుమ్మలేదు గానీ, "ఎవరో తుమ్మేట్టున్నారు" అని ఆవిడే గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది. మూడోసారికి ఒక షరతు మీద ఒప్పుకుంది. కారులో అయితేనే వస్తుంది. ఎక్కి కూర్చున్నాక మధ్యలో దిగాల్సొస్తే, ఆ దిగడం తిన్నగా ఇంట్లోకే. ఇదంతా నాతో అనలేదు. మా పెళ్ళయి పదిహేనేళ్ళవుతున్నా ఆవిడ నాతో ఎదురుగా మాట్లాడదు. ఏ మాటైనా కూతురి మీదుగా రావలసిందే.

వారం రోజులుగా కారు తీయలేదు. బ్యాటరీ వైరు ఊడదీసి పెడితే చార్జి మిగులుతుందని నాకు తోచింది. తోచినదాన్ని ఆపుకునే అలవాటు నాకు లేదు. ఆపరేషన్ రోజు పొద్దున ఎనిమిదింటికి వైరు మళ్ళీ బిగించి, తాళంతో తలుపు తీసి, అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టాను. అంతే, సైరన్ అందుకుంది. రిమోట్ నొక్కాను. నొక్కినకొద్దీ అది మోగింది. ఆ మోతకి దివిసీమ మొత్తంలో ఆ పూట ఒక్క గేదె కూడా పాలు చేపలేదు. కావాలంటే ఎవరినైనా అడగండి.

కాసేపటికి దానంతటదే ఆగింది. తాళం తిప్పితే ఇంజన్లో చలనం లేదు.

"కారే వద్దంటోందిగదే," అంది అత్తగారు వెనక నించున్న కూతురితో. "నోరులేని వస్తువు చెప్తే వినాలి."

"నోరు లేకపోవడమేమిటమ్మా, ఊరంతా లేచింది!" అని మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసి, ఇంట్లోకెళ్ళి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ కలిపింది. ఫోను కిటికీ పక్కన, కారు వాకిట్లో. అతను చెప్పేది ఆవిడ కిటికీలోంచి అరవాలి, నేను కారులోంచి బదులు అరవాలి.

"బ్యాటరీ తీస్తే మీ రిమోట్‌ని కారు మర్చిపోయిందటండీ! మళ్ళీ గుర్తు చేయాలట!"

"ఎలా?"

"తాళం ఆన్‌లో పెట్టి, రహస్యం బటన్ ఒకటుందట, అది ఐదుసార్లు నొక్కాలట! కుయ్‌మంటుందట! అప్పుడు మీరు రిమోట్ నొక్కాలట! అంతా పది సెకన్లలో అయిపోవాలట!"

"ఆ బటన్ ఎక్కడుందో అడుగు!"

"దొంగలకి దొరక్కుండా ఒక్కో కారుకి ఒక్కోచోట పెడతాడట! మనది ఎక్కడ పెట్టాడో కారు చూస్తేగానీ గుర్తు రాదట! ఆటోనగర్ తీసుకురమ్మంటున్నాడు!"

"ఇది కదిలితే వాడికి ఫోనెందుకూ!"

"అదే అన్నాను. నిజమేనండీ అంటున్నాడు!"

స్టీరింగ్ కింద తల పెట్టి వెతికాను. తల కిందా కాళ్ళు సీటు మీదా ఉంటే ఏది కుడో ఏది ఎడమో తెలియలేదు. ఒక వైరు లాగితే వైపర్ ఆడింది, ఇంకోటి లాగితే ఆగింది. రెండూ ఎందుకు జరిగాయో ఇప్పటికీ నాకు తెలియదు. పదకొండింటికి బెజవాడ ఆస్పత్రిలో ఉండాలి. పక్కన అత్తగారు చెప్పులు వెతుక్కుంటోంది, దిగడానికి. వంగి కింద తడుముతున్న ఆ చెయ్యి కాళ్ళ దగ్గర కార్పెట్ అంచు లోపలికెళ్ళి ఆగిపోయింది.

"ఇదేమిటే, శనగగింజంత ఉంది. నొక్కితే లోపలికి పోతోంది," అని కేకేసింది కూతురికి.

నేను తాళం తిప్పాను. ఆవిడ లెక్కపెడుతూ నొక్కింది. మొదటిసారి నేను రిమోట్ ముందే నొక్కేశాను. రెండోసారి కిటికీలోంచి "ఇప్పుడు నొక్కండి!" వచ్చేసరికి పది సెకన్లు దాటాయి. "దాన్ని నోరు మూసుకోమను," అంది అత్తగారు, ఎవరితో అన్నదో తెలియలేదు. మూడోసారి కుయ్‌మంది. రిమోట్ నొక్కాను. నాలుగు తలుపులూ టప్‌మని లాకయి మళ్ళీ వీడాయి.

మా ఆవిడ పరిగెత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చుంది. నేను అత్తగారిని మెచ్చుకోకుండా ఉండాల్సింది.

"ఎంత పనితనమండీ! కళ్ళున్న నాకు కనబడలేదు!"

"విన్నావుటే?" అంది అత్తగారు. "కళ్ళున్నవాళ్ళకంటే నా వేళ్ళే నయం. ఇంక ఆపరేషనెందుకు? నన్ను దించెయ్యమను."

నా వేలు రిమోట్ మీద పడింది. టప్. నాలుగు తలుపులూ లాకయ్యాయి.

"దించొచ్చుగానీ," అన్నాను, "కారూ రిమోటూ కొత్తగా కలిశాయి కదా. బెజవాడ చేరేదాకా ఒక్క తలుపు తెరిచినా విడిపోతాయట. మళ్ళీ కలవవట."

మా ఆవిడ అద్దంలో నన్ను చూసింది. ఆ మాట ఫోన్‌లో వినలేదని ఆవిడకి తెలుసు. నేను ఇంజన్ స్టార్ట్ చేసి గేరు వేశాను.

ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్లు రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయాయి. పావుగంట కదల్లేదు. నేను దిగి డ్రైవర్లతో వాదించి, ట్రాక్టర్ని ఒంటిచేత్తో పక్కకి జరిపి వచ్చాను. అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది, నిద్రలో ఉందనుకున్నాను.

పదకొండుకి పది నిమిషాలున్నాయనగా ఆస్పత్రి ముందు ఆపాను. నేను రిమోట్ ఎత్తేలోపే ఆవిడ చెయ్యి కిటికీ అంచు తడిమి, లాక్ పిన్ను పైకి లాగి, తలుపు తెరిచింది.

"ఇది తీయడం ఎప్పుడు తెలిసిందమ్మా నీకు?" అంది మా ఆవిడ.

"ఉయ్యూరులో మీ ఆయన దిగినప్పుడు ఆ తలుపు తెరుచుకుంది. కారు ఏమీ అనలేదు. నేనూ ఇటువైపు తీసి చూశాను. మళ్ళీ వేసేసుకున్నాను."

కూతురు అవతలి వైపు నుంచి దిగి వచ్చేలోగా ఆవిడ నా వైపు చెయ్యి చాపింది.

"మెట్లెన్ని ఉన్నాయో చెప్పండి. నాకు కనబడవు."