నానబెట్టిన కప్పులు

కొలతల పిన్ని అంటే మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, కావాలంటే కరెంటు బిల్లు మీద చూసుకోవాలి. ముప్పై ఏళ్ళు ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధి వీధంతటికీ జాకెట్లు, గౌన్లు, ఫ్యాంట్లు కుట్టింది. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. మనిషి గుమ్మంలో కనబడగానే ముందు నడుము వైపు చూసి, తర్వాత భుజాలు చూసి, అప్పుడు ముఖం చూసి "బాగున్నావా" అనేది. నేను వాళ్ళ పక్కవాటాలోనే ఉంటాను. నేను లావెక్కిన సంగతి మా ఇంట్లో అద్దం కంటే ముందు ఆవిడే చెప్పేది.

అలాంటి పిన్నికి కళ్ళు మందగించాయి. సూదిలో దారం ఎక్కించాలంటే నన్ను పిలిచేది. నేనెళ్ళేసరికి దారం సూది పక్కనుంచి పోయి గాల్లో ఊగుతూ ఉండేది. చివరికి ఏమయిందంటే, స్కూల్లో పనిచేసే గుమాస్తా అమ్మాయి జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టేసింది. ఆ అమ్మాయి అది తొడుక్కుని వచ్చి, ఒక చెయ్యి పైకెత్తే ఉంచి, "పిన్నిగారూ, ఇది కిందకి దిగట్లేదండీ" అంది.

ఆ రోజే పిన్ని మిషను మీద దుప్పటి కప్పేసింది.

ముందుగది ఖాళీ అవగానే బాబాయి కన్ను దాని మీద పడింది. బాబాయి బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఖాళీ చోటు కనబడితే నలుగురిని ఎక్కించకపోతే ఆయనకి ఊపిరాడదు. అప్పటికే వీధి చివర అరుగు మీద ముగ్గురు నేస్తాలతో క్యారమ్స్ ఆడుతున్నాడు. వాన వస్తే ఆట ఆగిపోతోంది, గాలి వస్తే పౌడరు ఎగిరిపోతోంది.

"గది ఊరికే పడుందిగా. బోర్డు లోపల వేసుకుంటాం" అన్నాడు.

"ఊరికే ఏం పడి లేదు. నేను ఉన్నాను అందులో" అంది పిన్ని.

"నువ్వు వంటింట్లో ఉండొచ్చుగా?"

అంతే. ఆ మాటకి పిన్ని మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు మా వాటాలోకి వినిపించేది. ఆవిడ బాధ నాతో చెప్పుకుంది. "ముప్పై ఏళ్ళు ఆ గదిలోంచే నలుగురూ నన్ను పలకరించారే. ఇప్పుడు వంటింట్లోకి పోతే, ఉన్నానో లేనో కూడా ఎవరికి తెలుస్తుంది?"

ఉపాయం పిన్ని కోడలు చెప్పింది. ఆ పిల్ల పార్సిల్ ఆఫీసులో కౌంటరు మీద పనిచేస్తుంది. "రోజూ ఎన్ని కప్పులు వస్తున్నాయో పోతున్నాయో చూస్తున్నా అత్తయ్యా. కప్పుల మీద ఫొటోలు వేయించుకుంటున్నారు జనం. సూదీ అక్కర్లేదు, దారమూ అక్కర్లేదు. కాగితం మీద ఫొటో అచ్చు తీసి, కప్పుకి చుట్టి, వేడి ప్రెస్సులో మూడు నిమిషాలు బిగిస్తే చాలు, బొమ్మ కప్పుకి దిగిపోతుంది" అంది. అనడమే కాదు, తన బోనసుతో ప్రింటరు, ప్రెస్సు, ఇరవైనాలుగు తెల్లకప్పులు తెప్పించి పెట్టింది. మొదటి ఆర్డరు కూడా తనే పట్టుకొచ్చింది. స్కూల్లో డ్రిల్లు మాస్టారు రిటైరవుతున్నాడు, ఆయన ఫొటోతో ఇరవై కప్పులు కావాలి. ఆర్డరు ఇచ్చింది ఎవరనుకున్నారు? ఆ చెయ్యి దిగని గుమాస్తా అమ్మాయే.

"మీ అత్తగారే చేస్తారా?" అని రెండుసార్లు అడిగి, భుజం తడుముకుని మరీ ఇచ్చిందట.

బాబాయి పందెం కట్టాడు. "సరే. ఇరవై కప్పులూ ఎవరూ వంక పెట్టకుండా ఇచ్చావనుకో, గది నీది. ఒక్కరు ఒక్క వంక పెట్టినా నా బోర్డు లోపలికొస్తుంది."

"రానీ చూద్దాం" అంది పిన్ని. టేపు తీసి మళ్ళీ మెడలో వేసుకుంది.

మొదటి కప్పు ప్రెస్సులో పెట్టిన రోజు నేనూ వెళ్ళాను. ప్రెస్సు కీచుమని అరిచింది, కోడలు గుడ్డతో పట్టుకుని కప్పు బయటికి తీసింది, కాగితం లాగింది. ముగ్గురం వంగి చూశాం. డ్రిల్లు మాస్టారి ముఖం నిండా తెల్లటి మచ్చలు. మీసం ఒక పక్క ఉంది, రెండో పక్క మబ్బులో కలిసిపోయింది.

"మాస్టారికి చెమటలు పట్టాయేమిటే?" అన్నాను.

కోడలు వేడి పెంచింది. రెండో కప్పు. ఈసారి మచ్చలతో పాటు ముఖం ముదురు రంగుకి తిరిగింది. వేడి తగ్గించి కాగితం మార్చింది. మూడో కప్పులో మాస్టారు నీళ్ళలో మునిగి పైకి చూస్తున్నట్టు వచ్చాడు. పాపం ఆ పిల్ల ఫోనులో ఎవరో చెబుతున్న పాఠాలన్నీ మొదటినుంచీ చూసింది. వేడి సరిగానే ఉంది, టైము సరిగానే ఉంది, కాగితం మంచిదే. "మరి ఎందుకిలా వస్తోంది అత్తయ్యా?" అని తల పట్టుకుంది.

"నాకేం తెలుసమ్మా, కొత్తదాన్ని" అంది పిన్ని అమాయకంగా.

గుమ్మంలోంచి బాబాయి తొంగిచూసి, "బోర్డుకి దుమ్ము దులిపించనా?" అన్నాడు.

"మీ నోటికి దులిపించుకోండి ముందు" అంది పిన్ని.

అసలు సంగతి మర్నాడు బయటపడింది, అదీ నావల్లే. దుప్పట్లు ఉతుక్కోవాలని వాళ్ళ పెద్ద టబ్బు అడగడానికి వెళ్ళాను. పెరట్లో చూస్తే టబ్బు నిండా నీళ్ళు, నీళ్ళలో తెల్లకప్పులు. ఇరవై ఒకటీ మునిగి కూర్చున్నాయి.

"ఇవేంటి పిన్నీ, కడుగుతున్నావా?"

"కడగడం ఏంటే, నానబెట్టాను. నిన్న పెట్టాను, ఇవాళ తీస్తాను."

"కప్పుల్ని నానబెట్టడం ఎందుకు?"

ఆవిడ నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, ఒకటో క్లాసు పిల్లని చూసినట్టు చూసింది. "కొత్త గుడ్డ నానబెట్టకుండా ఎవరన్నా కుడతారా? తర్వాత కుంచించుకుపోతే ఎవరిది పూచీ? అంత వేడిలో పెడుతున్నాం, కప్పు కుంచించుకుపోయి మాస్టారి ముఖం సన్నబడితే?"

నేను అక్కడే బట్టలుతికే బండ మీద కూలబడ్డాను. నవ్వు ఆపుకోలేక కడుపులో నొప్పి వచ్చింది. నా నవ్వు విని కోడలు పరుగెత్తుకొచ్చింది. టబ్బు చూసింది, అత్తగారిని చూసింది. "నానబెట్టి, తుడిచి, అలాగే ఇచ్చారా నాకు? ఆ కప్పుల అడుగు గరుకు, నీళ్ళు పీల్చేస్తుందండీ! లోపల ఆవిరి పట్టి రంగు చెదిరిపోయింది! చెప్పాలిగా అత్తయ్యా!"

"ఇది కూడా చెప్పాలా? అన్నం వండే ముందు బియ్యం కడిగానని నీకు చెబుతానా?"

మూడు కప్పులు పోయాయి. ఇరవై ఒకటి మిగిలాయి. వాటిని తీసి మేడమీద ఎండలో రెండు రోజులు బోర్లించాం. పిన్ని గంటగంటకీ వెళ్ళి ఒక్కో కప్పు అడుగూ బుగ్గకి ఆనించుకుని చూసేది. ఉతికిన చొక్కా ఆరిందో లేదో చూసుకునే పద్ధతే.

అలా ఎండబెట్టేటప్పుడే పిట్టగోడ మీంచి ఒక మాట నా చెవిన పడింది. కింద గుమ్మం ముందు బాబాయి, డ్రిల్లు మాస్టారు నిలబడి ఉన్నారు. వీధి చివర క్యారమ్స్ ఆడే ఆ ముగ్గురు నేస్తాల్లో మాస్టారూ ఒకరు.

"మాస్టారూ, కప్పు మీ చేతికి రాగానే ఏదో ఒక వంక పెట్టండి. గది మనదైపోతుంది."

"వంక పెట్టడం నాకు కొత్తా కండక్టరూ? ముప్పై ఏళ్ళు పిల్లల లైన్లకి వంకలు పెట్టడమేగా నా ఉద్యోగం!"

పరుగున వెళ్ళి పిన్నికి చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. చేతిలో కప్పుని ఓసారి తిప్పి చూసింది. "పెట్టనీవే. వంక ఎక్కడ పెట్టాలో ఆయనకే దొరక్కుండా చేస్తే సరి" అంది.

ఆరిన కప్పు మీద కోడలు మళ్ళీ అచ్చు వేసింది. కాగితం చుట్టడం మాత్రం పిన్నికి వదిలేసింది. ఎందుకంటే కోడలు చుడితే ఎక్కడో ఒకచోట వదులు మిగిలేది. పిన్ని మాత్రం జాకెట్టు బిగువు చూసినట్టు బొటనవేళ్ళతో నొక్కుకుంటూ చుట్టి, అంటించే పట్టీ లాగి అతికించింది. చూపు ఎలా ఉన్నా ఆవిడ వేళ్ళకి అన్నీ కనబడతాయి. ప్రెస్సు అరిచింది. కాగితం లాగితే, అబ్బ! మాస్టారు మిలమిలలాడుతూ వచ్చాడు. మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కోడలు చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

పిన్ని కప్పుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మూతి ముడిచింది. "ఈయన ఆయన కాదు."

"ఆయనే అత్తయ్యా! ఇదిగో మీసం!"

"మీసం ఆయనదే. విజిలు మాత్రం కుడిచేతిలో ఉంది. ఈయనకి పదిహేనేళ్ళు ఫ్యాంట్లు కుట్టాను. విజిలు జేబు ఎడమ వైపు పెట్టమనేవాడు. మనిషిది ఎడమచేతి వాటం."

కోడలు ఫొటో తీసి చూసింది. విజిలు ఎడమచేతిలోనే ఉంది. తర్వాత ప్రింటరు వైపు చూసి నాలుక కరుచుకుంది. కప్పుకి వేసే బొమ్మని కాగితం మీద తిరగేసి అచ్చు తీయాలట. కాగితం మీద ఉన్నది కప్పు మీదకి వచ్చేసరికి అటుదిటు అవుతుంది కదా మరి. మచ్చల గొడవలో పడి ఆ పిల్ల అది మర్చిపోయింది. ఆ మొదటి మూడింట్లో చేతులు కనబడితేగా ఎవరికైనా తెలిసేది!

ఇక ఇరవై కప్పులు మిగిలాయి. ఆర్డరూ ఇరవై. ఒక్కటి పోయినా మాట పోయినట్టే.

ఇక్కడ ఇంకో గొడవ లేచింది. పిడికి ఏ పక్క వెయ్యాలి బొమ్మ? కోడలు, "కుడిచేత్తో పట్టుకుంటే తాగేవాళ్ళకి కనబడాలి" అంది. బాబాయి అడగకుండానే లోపలికొచ్చి, "ఎదుటివాళ్ళకి కనబడాలి. బస్సు ముందు బోర్డు పెట్టేది డ్రైవరు చదువుకోవడానికా?" అన్నాడు.

"మామయ్యా, కప్పు బస్సు కాదు."

"నిండాక అదీ ఇదీ ఒకటేనమ్మా."

పిన్ని ఇద్దరి మాటా వినట్లేదు. కుడిచేత్తో ఒక ఖాళీ కప్పు పట్టుకుని తాగుతున్నట్టు నటించింది. తర్వాత ఎడమచేతికి మార్చుకుని మళ్ళీ నటించింది. ఆ తర్వాత టేపు తీసి పిడి దగ్గర్నుంచి ఇటు కొలిచింది, అటు కొలిచింది. పెన్సిలుతో కాగితాల మీద గీతలు పెట్టింది. పంతొమ్మిది కప్పులు కోడలు చెప్పినట్టే వేయించింది. ఇరవయ్యోదానికి మాత్రం కాగితం తనే పిడికి రెండో పక్క చుట్టింది. "అదేంటి అత్తయ్యా, తప్పు పక్క!" అంటే, "నువ్వు బిగించమ్మా" అంది. కోడలు ప్రెస్సు బిగించింది. ఆ మూడు నిమిషాలూ పిన్ని టేపు చివర నోట్లో పెట్టుకుని నమిలింది.

ఆ ఇరవయ్యోది మాస్టారి చేతికే ఇవ్వాలని పిన్ని చీటీ అంటించాక కప్పులు స్కూలుకి వెళ్ళాయి. సాయంత్రం నాలుగున్నరకి బాబాయి క్యారమ్స్ బోర్డు చంకన పెట్టుకుని ముందుగది గుమ్మంలో నిలబడ్డాడు. పిన్ని లోపల కుర్చీలో, కోడలు పక్కన, నేను కిటికీ దగ్గర. డ్రిల్లు మాస్టారు వచ్చాడు. చేతిలో కప్పు ఉంది. 

"చెప్పండి మాస్టారూ! ఏంటి లోపం?" అన్నాడు బాబాయి, కన్ను గీటుతూ.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఫొటోలో నాకు పొట్ట ఎక్కువ కనబడుతోంది."

"నలభై రెండు" అంది పిన్ని. "నేను కొలిచిందే. కావాలంటే మళ్ళీ కొలుస్తాను, రండి అన్నయ్యగారూ."

మాస్టారు ఒకడుగు వెనక్కి వేశాడు. "అబ్బే, వద్దు చెల్లెమ్మా. పొట్ట నాదే."

"మరి రంగు? మీసం? ఏదో ఒకటి చూడండి!" అని బాబాయి ఆయన్ని మోచేత్తో పొడిచాడు.

మాస్టారు కప్పు ఎడమచేత్తో ఎత్తి చూసుకున్నాడు. బొమ్మ ఆయనకి ఎదురుగా ఉంది. "నిజం చెప్పాలంటే కండక్టరూ, అక్కడే వంక పెడదామని కప్పు ఎత్తాను. స్టాఫ్‌రూములో ఇన్నేళ్ళూ నేను తాగిన ప్రతి కప్పు మీద బొమ్మ ఎదుటివాడే చూశాడు. నాకెప్పుడూ వెనకవైపే. ఇవాళ ఎత్తగానే నా ముఖం నాకే కనబడింది. దాంతో టీ పోసుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాను. అందరూ ఉపన్యాసం మర్చిపోయాననుకున్నారు." కప్పు దించి, "వంక లేదు" అన్నాడు.

"ఒక్కటి కూడా లేదా?" బాబాయి గొంతు నీరసంగా వచ్చింది.

"లేదు. పైగా ఇంటికి ఇంకో ఆరు కావాలి. మా ఆవిడది కుడిచెయ్యి, రాసుకో చెల్లెమ్మా. ఆ, గుమాస్తా అమ్మాయి చెప్పమంది, ఈసారి అన్నీ సరిగ్గా దిగాయట."

పిన్ని కళ్ళజోడు తీసి పైటతో తుడిచింది, తుడిచిందే తుడిచింది. తర్వాత బాబాయి చంకలోని బోర్డు చూసి, "అది ఇలా ఇవ్వండి" అంది.

"ఎందుకు? ఓడిపోయాగా!"

"ఇవ్వండి చెబుతాను."

కుట్టుమిషను మీది దుప్పటి లాగి, దాని మీద బోర్డు పరిచింది. ఒక కప్పుని అడ్డంగా పడుకోబెట్టి వేలితో తోసింది. అది దొర్లుకుంటూ వెళ్ళి చెక్క అంచుకి తగిలి ఆగింది. "బల్ల మీద చుడుతుంటే కప్పులు దొర్లి కిందపడతాయేమోనని ప్రాణం పోతోంది నాకు. ఇదైతే నాలుగు వైపులా అడ్డం ఉంది. ఐదు దాకా నాది. ఐదు తర్వాత పౌడరు తుడిచే పూచీ మీదైతే, నలుగురూ ఇక్కడే ఆడుకోండి."

 మాస్టారు జేబులోంచి ఎడమచేత్తో విజిలు తీసి ఊదాడు.

ఇప్పుడు వెళ్ళి చూడండి ఆ గది. కోడలు ఆఫీసుకి వెళ్ళేముందు అచ్చు తీసి పెడుతుంది, పిన్ని చుడుతుంది, ప్రెస్సు పక్కన స్టూలు మీద బాబాయి కూర్చుంటాడు. టైము చూసే పని ఆయనకిచ్చారు. కప్పు లోపలికి వెళ్ళగానే "హోల్డాన్" అంటాడు. మూడు నిమిషాలకి ప్రెస్సు అరిస్తే "రైట్ రైట్" అంటాడు. కొత్త కప్పుల పెట్టె వస్తే మాత్రం కోడలు ముందు వెళ్ళి పెరట్లో టబ్బు బోర్లించి, దాని మీద కూర్చుంటుంది.