నల్లుల స్థానికత

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుకుంటూ నేను కిరాయికున్న గది సెమీ ఫర్నిష్డ్. అంటే ఒక పాత చెక్క మంచం. దాని సందుల్లో నాకంటే ముందే కాపురమున్న నల్లుల సంగతి ఓనర్ ఆంటీ చెప్పలేదు. పెద్ద మనసు కదా, చేసిన సాయం చెప్పుకోదు.

వారం తిరక్కుండానే చేతుల నిండా దద్దుర్లు. ఒక నల్లిని అగ్గిపెట్టెలో పెట్టుకుని పై అంతస్తుకు వెళ్లాను.

"ఆంటీ, గదిల నల్లులున్నయి. జర మందు కొట్టించుండ్రి."

ఆంటీ అగ్గిపెట్టెలోకి చూసింది, తర్వాత నన్ను చూసింది, మా ఇద్దరికీ పోలికలు వెతుకుతున్నట్టు.

"మా ఇంట్లో నల్లులా? ఇల్లు కట్టినప్పటి నుంచీ ఒక్కటి చూడలేదమ్మా. నీది పాలమూరు కదూ? నువ్వు తెచ్చుకున్న ఆ బొంతలో వచ్చుంటాయి."

రోజంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్ అన్న నిబంధనలు బట్టీ పడుతున్నదాన్ని నేను. నల్లులకూ ఆ నిబంధన ఉంటుందని సిలబస్‌లో లేదు. ఆంటీవాళ్లు గుంటూరు నుంచి వచ్చి ఎప్పుడో లోకల్ అయిపోయారు. మంచమూ లోకలే. నల్లులు మాత్రం నాతో బస్సెక్కి, టికెట్ లేకుండా దిగాయన్నమాట.

ఆ బొంత మా అమ్మ కుట్టింది. సిమెంటు పని దొరకని రోజుల్లో ఇంట్లో కూర్చుని, తన పాత చీరలు పొరలుగా పరిచి కుట్టింది. ఈ ఊళ్లో అది కప్పుకుంటేనే నాకు నిద్ర పట్టేది.

బొంతను వేడినీళ్లలో ఉడికించాను. దాబా మీద ఎండేయబోతే, అక్కడ వడియాలున్నాయి, నల్లులు పాకుతాయంది ఆంటీ. నారాయణగూడ మార్కెట్ నుంచి మందు తెచ్చి మంచానికి కొట్టాను. దాంతో నాకు తలనొప్పి వచ్చింది, నల్లులకు ఆకలి పెరిగింది.

చివరికి ఆంటీ తీర్పు చెప్పేసింది. "ఆ బొంత పారేస్తే మందు కొట్టిస్తాను. లేదంటే ఖాళీ చెయ్యమ్మా."

పరీక్ష దగ్గర పడింది. అప్పటికప్పుడు గది ఎక్కడ వెతుక్కోను? పొద్దున చెత్త ఆటో వస్తే, ఆంటీ బాల్కనీలోంచి చూస్తుండగా బొంతను అందులో వేశాను. ఆటో సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఏడ్చాను.

మందు కొట్టే మనిషి రాలేదు. "బొంతే పోయాక ఇంకా మందెందుకమ్మా?" అంది ఆంటీ. పాపం, బొంత పోయిందని నల్లులకు ఎవరూ చెప్పలేదు. కుడుతూనే ఉన్నాయని చెబితే, "పోతూ పోతూ గుడ్లు పెట్టుంటాయి" అని తేల్చేసింది.

పరీక్ష రాసి ఖాళీ చేశాను. సంచులు సర్దుకుంటుంటే ఆంటీ వెంట ఒక కొత్తమ్మాయి గది చూడటానికి వచ్చింది. చంకలో బొంత చుట్ట. అంచున ఎర్రచీర పట్టీ, అచ్చం మా వైపు కుట్టు.

"మంచం కూడా ఇస్తున్నామమ్మా. ఈ అమ్మాయి నల్లులు తెచ్చిపెట్టింది కానీ, ఇప్పుడేం లేవులే."

ఆ పిల్ల బొంతను మంచం మీద పెట్టబోయింది. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"పెట్టకు చెల్లె. ఈడి నల్లులు పక్కా లోకల్. మీ అమ్మ కుట్టిన బొంతనే నాన్‌లోకల్ అంటరు."