పెదవుల కోసం ఒక తీగ

డెబ్బై ఏడో ఏట మా అప్పకు చెవులు పూర్తిగా మూతపడ్డాయి. మా వైపు అక్కను అప్ప అంటాం. విశాఖపట్నంలో కొనిచ్చిన చెవి మిషను శబ్దాన్ని పెంచిందే గాని మాటను విడదీయలేకపోయింది. డబ్బాలో రాళ్లు వేసి కుదుపుతున్నట్టుందని నాలుగు రోజులకే తీసి పెట్టె అడుగున పడేసింది. పొందూరులో కొడుకు, కోడలు ఆమెను ఏ లోటూ రాకుండా చూసుకునేవారు. చెప్పవలసినది పలక మీద రాసి చూపేవారు. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, పడుకుంటావా. పలక మీదికెక్కేది అవసరమే గాని కబురు కాదు. దానితో రోజు గడుస్తుంది, మనసు గడవదు.

ఆమెకు అందే మాట లోకంలో ఒక్కటే మిగిలింది. అది నాది. ముప్ఫై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన నోరు కనుక, ఒత్తును ఒత్తుగా, దీర్ఘాన్ని దీర్ఘంగా పలకడం నాకు వృత్తి వల్ల అబ్బిన చాదస్తం. తక్కినవారు గడగడా మాట్లాడి ముఖం తిప్పేసుకుంటారు. నేను ప్రతి అక్షరాన్నీ పెదవుల మీద నిలిపి విడుస్తాను. ఆ పలుకుబడిని జీవితమంతా వెక్కిరించిన అప్పే చివరికి దానిని చూసి మాట తెలుసుకోవడం నేర్చింది.

మేనల్లుడు రెండిళ్లలోనూ వీడియోలో మాట్లాడుకునే ఏర్పాటు చేశాడు. విజయనగరంలో మాది కోట దగ్గరి పాతవీధి, రెండడుగుల మందం గోడల ఇల్లు. లోపలికి సెల్‌ఫోను సిగ్నలు రాదు. టెలిఫోను తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండే మాకు ఆధారం. రోజూ సాయంత్రం నాలుగింటికి కిటికీ వెలుతురు ముఖాన పడేలా కూర్చునేవాణ్ణి. అటు అప్ప తల దువ్వుకుని సిద్ధంగా ఉండేది. చెరకు ధర, ఎవరింట్లోనో పెళ్లి, అమ్మ ఒకప్పుడు చేసే పనసపొట్టు కూరలో ఆవ ముందా వెనకా అన్న తగువు, ఇవే మా సంభాషణలు.

వీధి వెడల్పు చేసే పనుల్లో ఒకనాడు ఆ తీగ తెగింది. మా ఇంటికి ఫోను వచ్చిన నాటి నుంచి ఎరిగిన లైన్‌మన్ వచ్చి, గోతిలోకి చూసి, తెగిన కొసను పైకి లాగి చూపించాడు.

"మేష్టారూ, ఇంక ఇది లేవదండి. రాగి తీసేస్తన్నారు. జాయింటేసినా నాలుగు నాళ్లు నిలబడదు. ఫైబర్ ఏయించుకోండి."

"మా వీధికి ఎప్పుడొస్తుంది?"

"మా డిపార్టుమెంటుదైతే ఎప్పుడొస్తాదో నాను సెప్పలేను. కేబుల్ టీవీ వోళ్లు ఏస్తన్నారు. ఆలని అడగండి."

స్తంభం నుంచి మా చూరుదాకా ఉన్న ముక్కను విప్పి, చేతికి చుట్టుకుంటూ వెళ్లిపోయాడు.

కేబుల్ వారు వారం గడువు అడిగారు. అంతవరకు ఆగలేక సెల్‌ఫోను పట్టుకుని డాబా ఎక్కాను. బొమ్మ వచ్చింది గాని కదిలి కదిలి ఆగిపోయేది. వినగలిగినవారికి అది చిన్న చిరాకు. పెదవులు చూసి వినేవారికి అది మాట లేకపోవడమే.

"ఒరే, నీ నోరు తెరిసినట్టే ఉండిపోనాది," అంది అప్ప. "ముక్కలు ముక్కలుగా వస్తన్నావు. ఏటి సెప్తన్నావో తెల్దు."

మూడో రోజున ఎండకు కళ్లు తిరిగి, దిగేటప్పుడు మెట్టు తప్పాను. మోకాలు వాచిపోయింది. నెలరోజులు గడప దాటవద్దన్నారు వైద్యులు. అప్ప ప్రయాణాలు మానేసి చాలా కాలమైంది. నేను పడిన సంగతి ఆమెకు రాసి చూపవద్దని, లైను పోయిందని మాత్రమే చెప్పమని పక్కింటివారి ద్వారా మేనల్లుణ్ణి కోరాను. బెంగపెట్టుకుంటుందని నా భయం.

చెప్పిన రోజుకే కేబుల్ మనిషి వచ్చాడు. నడివయసువాడు, ఒక చేత డ్రిల్లు, ఇంకో చేత తీగలు అతికే మిషను పెట్టె. తీగ రావలసింది దేవుడి గది గోడలోంచి. పంచాంగం చూశాను. వర్జ్యం అప్పుడే మొదలైంది. వర్జ్యంలో ఆ గోడకు మేకు కూడా దిగనిచ్చేవారు కాదు మా నాన్నగారు. నేనూ ఎన్నడూ దిగనివ్వలేదు.

"గంటన్నర కూర్చోండి. మజ్జిగ తాగుదురు గాని," అన్నాను.

"వర్జ్యం గోడకాండి, తీగకాండి?" అని నవ్వాడతను. "ఒంటిగంటకి నాను బొబ్బిలిలో ఉండాల మేష్టారూ. ఈ మిషను మా అందరికీ ఒకటే."

"రేపు ఉదయం రండి. మంచి ఘడియ ఉంది."

అతను నా కాలి కట్టు వైపు, నా చేతిలోని పంచాంగం వైపు చూసి, పెట్టె మూసుకుని వెళ్లాడు. నా భార్య వంటింటి గుమ్మంలోంచి అంతా విన్నది.

"మీ అప్ప చెవులు ముహూర్తం చూసుకుని పోయాయా?" అంది.

బొబ్బిలిలో ఆ మిషను చెడింది. మరమ్మతుకు విశాఖపట్నం వెళ్లింది. మరునాటి మంచి ఘడియ వచ్చింది, పోయింది. అలా తొమ్మిది రోజులు.

ఆ మధ్యలో మేనల్లుడి భార్య మా పక్కింటికి ఫోను చేస్తే, వారు దానిని మా గుమ్మందాకా తెచ్చి నా చేతికిచ్చారు.

"మావయ్యగారూ, అత్త రోజూ నాలుగింటికి ఆ ఫోను ముందు కూర్చుంటున్నాది. నిన్న దాని మీద తువ్వాలు కప్పేసినాది. లైను పోయిందని రాస్తే, లైను పోతే మనిషి రాడా అన్నాది. ఇంక మాతో కూడా మాటాడ్డం లేదు."

అప్పటికైనా మోకాలి సంగతి రాసి చూపమనవలసింది. అనలేదు. దాచినందుకు కోపగిస్తుందని మరో భయం పట్టుకుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కేబుల్ మనిషి మళ్లీ వచ్చాడు. నేను పంచాంగం తీయలేదు. అతను నేరుగా డ్రిల్లు తీశాడు. గోడలో వేలు పట్టనంత కన్నం, అందులోంచి దారమంత తీగ. నాలుగింటికి తెర మీద పొందూరు ఇల్లు తేటగా కనబడింది. మేనల్లుడు అప్పను తెచ్చి కూర్చోబెట్టాడు.

ఆమె తల దించుకుని తన చేతులనే చూస్తూ కూర్చుంది. చెవులు లేని మనిషి చూపు తిప్పుకుంటే ఇక తలుపు వేసేసినట్టే. నేను ఎంత స్పష్టంగా పలికినా అది నా గదిలోనే ఉండిపోతున్నది. పిలిచేందుకు దారి లేదు. చివరికి కెమెరా కిందికి వంచి కట్టు కట్టిన మోకాలిని చూపాను. మేనల్లుడు ఆమె భుజం తట్టాడు. కళ్లెత్తింది.

"ఏటైనాదిరా?"

కెమెరాను మళ్లీ ముఖానికి తిప్పి అన్నీ చెప్పాను. డాబా, మెట్టు, దాచమనడం. రెండుచోట్ల చేయెత్తి ఆపి మళ్లీ చెప్పించుకుంది. ఇన్నాళ్లకు ఆమె చూపు కూడా అలవాటు తప్పింది. వర్జ్యం సంగతి దాటవేయవచ్చు. దాటవేయలేదు.

అంతా అయ్యాక తెరకు దగ్గరగా జరిగింది.

"గోడకి కన్నం పెట్టడానికి వర్జ్యం సూసినావు," అంది. "నాను తొమ్మిది రోజులు నోరు మూసుకుని కూకున్నాను. దానికేటి సూసినావురా?"



"తప్పయింది అప్పా," అన్నాను.

"తెల్లేదు. మళ్లీ సెప్పు."

మళ్లీ చెప్పాను.

"నెమ్మదిగా సెప్పు."

నిజంగానే అందలేదో, అందినా అడుగుతున్నదో నాకు తెలియదు. అడగలేదు. కుర్చీని కిటికీ వైపు ఇంకొంచెం జరుపుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ పెదవుల మీద నిలిపి మూడోసారి అన్నాను. నాలుగోసారి అంటున్నప్పుడు తెరలో ఆమె పెదవులు కూడా, శబ్దం లేకుండా, నాతో పాటు కదలడం చూశాను.