రొయ్యల లారీ రాని రోజు

ఎగుమతులు పెరిగితే దేశం రాబడి పెరుగుతుందని నెల్లూరు కాలేజీలో అర్థశాస్త్రం పాఠంలో ఏటా చెప్పేవాణ్ణి. 1966లో రూపాయి విలువ తగ్గించిన మరుసటి ఏడు, పులికాట్ సరస్సు రొయ్యలు మద్రాసు రేవు నుంచి విదేశాలకు పోతున్నాయని విన్నాను. కళ్ళారా చూద్దామని వేసవి సెలవుల్లో ఒక ఉదయం ఆరింటి ప్యాసింజరెక్కాను.

తొమ్మిదిన్నరకు సూళ్లూరుపేటలో దిగి, స్టేషను ఎదుట ఇడ్లీ, కాఫీ ముగించి, సరస్సు ఒడ్డు పల్లెకు జట్కా మాట్లాడుకున్నాను. దారిలో నీడ తక్కువ. వెళ్ళేవారు మంచినీళ్ళు వెంట తీసుకుపోవాలి. అదే జట్కాలో ఆ పల్లెకు చెందిన చెంగమ్మ ఎక్కింది. యాభై ఏళ్ళుంటాయి.

"మునుపు ఎండు రొయ్యలు గంపకెత్తుకోని సంతకు పొయ్యేదాన్ని అయ్యవారా. ఐసు లారీ వచ్చినాక పచ్చివి పచ్చిగానే ఎత్తకపోతుండారు. నాకు పని లేదు," అంది.

"ఇంట్లో రాబడి పెరిగిందా?"

"పెరిగింది. కొత్త వల కొనినాం, ఇంటికి పెంకులేసినాం. డబ్బంతా మా ఆయన చేతికే వస్తాది."

పదకొండింటికి పల్లె చేరాం. లారీ తొమ్మిదికే రావాలట, రాలేదు. తాటాకు పందిట్లో రొయ్యల గంపలు, వాటి పక్కన రోడ్డు వైపు చూస్తూ మగవాళ్ళు. కాసేపటికి లారీవాళ్ళ గుమాస్తా సైకిలు మీద వచ్చాడు.

"ఓడ రాలేదంట. మద్రాసులో గోడౌన్లు నిండిపోయినాయి. ఈ పూట సరుకు వద్దన్నారు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

చెంగమ్మ భర్త పోలయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. సరస్సులో పారబోద్దామన్నారు ఎవరో.

"ఇవింకా చెడిపోలేదు గదా! పాత వలలు తెచ్చి పరచండి," అంది చెంగమ్మ.

ఎవరూ కదల్లేదు. లారీ వచ్చినప్పటి నుంచి అక్కడ రొయ్యలు ఎండబెట్టినవాళ్ళు లేరు. ఆమే ఒక గంప ఈడ్చుకుపోయి ఎండలో కుమ్మరించింది. అప్పుడు ఆడవాళ్ళు కదిలి వలలు తెచ్చారు. నేనూ చొక్కా చేతులు పైకి మడిచి రొయ్యల్లోని నాచు ఏరాను.

"పల్చగా పరచండే! ఒకదాని మీద ఒకటి పడితే కుళ్ళిపోతాది," అని పల్లెలోని కొత్త కోడళ్ళకు చూపించింది. రెండు గంపలు అప్పటికే వాసన కొట్టాయి, పారబోశారు. మూడింటికి మిగతావి ఎర్రబడి గట్టిపడసాగాయి.

పోలయ్య ఇంట్లోనే భోజనం పెట్టారు.

"రేపు లారీ వస్తే మామూలే గదా," అన్నాడు పోలయ్య.

"వస్తే ఇయ్యి. దినానికి రెండు గంపలు మాత్రం నాకు దించాల. సంతకు నేను పోతా," అంది చెంగమ్మ.

అతను కొంచెంసేపు మెతుకులు కెలికాడు. "సరే, దించుతాలే మే," అన్నాడు.

సాయంత్రం ఏడింటి రైల్లో ఎదుటి సీటు బట్టల వ్యాపారి ముక్కు చిట్లించి, "రొయ్యలు కొన్నారా సార్?" అని అడిగాడు. ఎండబెట్టి వస్తున్నానంటే నమ్మలేదు.

బయటి దేశాల బేరంతో పల్లె బాగుపడిన మాట నిజం. ఆ ఒక్క బేరమే నమ్ముకున్న పల్లెలో, ఎక్కడో ఓడ ఆగితే పొయ్యి ఆరుతుందన్నదీ నిజం. చూడబోయేవారు లారీ వచ్చే రోజు ఒకసారి, రాని రోజు ఒకసారి వెళ్ళాలి.