ఎడమ కాలి చలి

కొండాపూర్ ల్యాబులో రక్తం తీసే ముందు స్పిరిట్ దూది చల్లగా తగిలితే చాలు, స్వరూప సిస్టర్ గుర్తొస్తుంది. మా ఆఫీసు మెడికల్ రూములో నర్సు ఆమె. అప్పటికి నాకు షుగరు వచ్చి ఏడేళ్లు. మాత్రలు గుర్తుంటే వేసుకునేవాణ్ణి. నా గొడవంతా ఏసీతో. సీటు దగ్గర కాళ్లు కొంకర్లు పోతున్నాయని తొమ్మిదిసార్లు ఫిర్యాదు చేశాను. తొమ్మిదిసార్లూ ‘పరిష్కరించబడింది’ అని మూసేశారు. ఆ తేదీలు ఇప్పటికీ చెప్పగలను. ఆఫీసు బస్సు గేటుకు దూరంగా దింపుతోందనీ, నడిస్తే పిక్క పట్టేస్తోందనీ ఇంకో మూడు రాశాను. మెయింటెనెన్స్ వాళ్లు విసిగి అన్నీ సిస్టర్‌కు పంపారు.

ఆమె రెండుసార్లు పిలిచినా నేను వెళ్లలేదు. చివరికి తనే నా సీటు దగ్గరికొచ్చింది.

“షూ విప్పుండ్రి సార్.”

“ఇక్కడా?”

“పిలిస్తే వచ్చిండ్రా?”

చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకభాగంతో రెండు పాదాలూ తడిమింది. “ఏసీ గాలి ఒక్క కాలికే కొడతదా సార్? కుడిది వెచ్చగుంది, ఎడమది ఐసు.” ఎడమ పాదం మీద నాడి కోసం చాలాసేపు వెతికింది. “నడిస్తే పిక్క పట్టేస్తదని రాసిండ్రు. ఆగితే తగ్గుతదా?”

“తగ్గుతుంది.”

“నడిచేటప్పుడు రక్తనాళం వదులవ్వాలె. షుగరు దాని లోపలి పొరను పాడుచేస్తే వదులు కాదు, బిగుసుకునే ఉంటది. తర్వాత కొవ్వు పేరుకొని ఇంకా సన్నబడతది. ఇగ రాసుడు బంద్ చేసి దవాఖానకు పోండ్రి. కాలు పోయినంక ఎవరి మీద రాస్తరు?”

పక్క సీట్లవాళ్లు నవ్వారు. ఆ సాయంత్రమే ఆమె మీద ఫిర్యాదు పెట్టాను. ఆమె మాట తప్పు అని రుజువు చేద్దామనే స్కాన్ చేయించుకున్నాను. ఎడమ తొడలో ధమని దాదాపు మూసుకుపోయింది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కాలి వేళ్లు తీసేయాల్సి వచ్చేదని చెప్పి డాక్టరు స్టెంట్ వేశారు.

మూడు వారాలకు తిరిగొస్తే మెడికల్ రూములో కొత్త నర్సు. నా ఫిర్యాదులన్నిటిలో నిజంగా పట్టించుకున్నది ఆమె మీద పెట్టిన ఆ ఒక్కటే. ఆమెను నానక్‌రామ్‌గూడ బిల్డింగుకు మార్చేశారు. వెనక్కి తీసుకుంటానని రాస్తే, మూసేసిన ఫిర్యాదు మళ్లీ తెరవడం కుదరదన్నారు.

షేర్ ఆటోలో వెళ్లి కలిశాను. క్షమించమని అడుగుదామనే వెళ్లాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, “అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది” అనే.

“నిజమే సార్, అనకపోయేదుండె,” అంది. “కూసోండ్రి. షూ విప్పుండ్రి.”

కోపం పూర్తిగా పోలేదు. కానీ రోజూ స్నానమయ్యాక, చెయ్యి తిరగేసి రెండు పాదాలూ తడుముకుంటాను. రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయని తేలాకే మిగతావాళ్ల తప్పుల సంగతి చూస్తాను.